అరవై మూడో గడి

ఏసయ్య చిన్నప్పుడు విన్న మొదటి కథలో, చచ్చిపోబోయి బతికిన పిల్లవాడు ఏసయ్యే.

ఖమ్మం అంచున ఖానాపురం హవేలిలో, చుట్టూ ఇంకా జొన్నచేలు ఉన్న రోజుల్లో, రేకుల కప్పు చర్చి ఒకటి ఉండేది. ఆదివారం పాటలయ్యాక పాస్టరు గారు సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగేవారు. దేవుడు తమకు చేసిన మేలును లేచి నలుగురిలో చెప్పడమే సాక్ష్యం. ఏసయ్య తల్లి లేచేది. మూడేళ్ల కొడుక్కి టైఫాయిడ్ వచ్చిన సంగతి, ఏడు రోజులు కన్ను తెరవని సంగతి, దవాఖానాలో పెద్ద డాక్టరు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్న సంగతి చెప్పేది. చెప్పినకొద్దీ కథ మారుతూ వచ్చింది. ఏడు రోజులు పద్నాలుగయ్యాయి. డాక్టరు మొదట్లో తీసుకుపొమ్మని గట్టిగా అనేవాడు. రెండు మూడేళ్లు గడిచేసరికి ఏమీ అనకుండా కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అక్కడ ఆమె ఆగేది. చర్చిలో ఫ్యాను చప్పుడు వినిపించేది. తర్వాత, పిల్లవాడు మంచినీళ్లు అడిగాడు అని చెప్పి, చివరి మాటగా "మంచిగైంది" అని, పక్కన నిక్కరు పట్టుకుని నిలబడ్డ ఏసయ్యను ముందుకు నెట్టేది. రుజువు అతనే.

కథ ఎక్కడ ఆపాలో, ఏ మాట తీసేస్తే బరువు పెరుగుతుందో ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కొడుక్కి నేర్పుతున్నాననీ అనుకోలేదు. కాకపోతే ఆమె దగ్గర ఉన్న ముగింపు ఒక్కటే. ఏసయ్యకూ అదే వచ్చింది.

ముప్పై ఎనిమిదో ఏట, రెండు వేల ఒకటిలో, అతన్ని చర్లకు ఇవతల ఒక అడవి ఊరి ఆసుపత్రికి ల్యాబ్ టెక్నీషియన్‌గా వేశారు. భార్య విశ్రాంతమ్మ ఖమ్మంలో టీచరు. ఆమె రావడం కుదరలేదు. అతను రెండో శనివారాలు భద్రాచలం, కొత్తగూడెం మీదుగా బస్సులు మారుతూ ఇంటికి పోయేవాడు. మిగతా రోజుల్లో ఆసుపత్రి వెనక కిరాయి గది, బయట టేకుచెట్ల వరస, ఆ వరస వెనక ఎంత దూరం ఉందో తెలియని పచ్చదనం. వానాకాలంలో ఆ పచ్చదనం ఊపిరి తీస్తున్నట్టుండేది. ఎండాకాలంలో ఆకు రాలిన చప్పుడు గదిలోకి వచ్చి కూర్చునేది.

పని సూక్ష్మదర్శినితో. ఊళ్లలో జ్వరం వచ్చినవాళ్ల వేలి నుంచి తీసిన నెత్తురు చుక్క గాజుముక్క మీద ఆరి వచ్చేది. దాన్ని నీలం రంగులో, ఎరుపు రంగులో ముంచి, ఆరబెట్టి, మీద చమురు చుక్క వేసి అద్దం కింద పెట్టాలి. కంటికి ఒక గుండ్రటి వెలుగు కనిపిస్తుంది. దాన్ని ఫీల్డు అంటారు. ఏసయ్య మనసులో గడి అనుకునేవాడు. ఒక గడి చూసి, గాజును వెంట్రుకంత జరిపితే ఇంకో గడి. వంద గళ్లు చూడకుండా మలేరియా లేదని రాయకూడదు. ట్రైనింగులో మొదటి రోజు చెప్పిన మాట అదే. రెండో రోజు ఇంకోటి చెప్పారు: అద్దంలో అంతా తిరగబడి కనిపిస్తుంది. గాజును కుడికి జరిపితే బొమ్మ ఎడమకు పోతుంది. కొత్తలో చెయ్యి తికమకపడుతుంది. కొన్నాళ్లకు చెయ్యి అలవాటుపడి, తిరగబడిందన్న సంగతే మనిషి మర్చిపోతాడు.

మధ్యాహ్నం రెండు దాటితే ఆసుపత్రి ఖాళీ. ఆ రెండు గంటల్లో అతను కథలు రాయడం మొదలుపెట్టాడు.

భద్రాచలం బస్టాండులో కొన్న వారపత్రికలే బడి. తెల్లకాగితం మీద ఎడమవైపు మూడు వేళ్ల మార్జిను వదిలి, ఒకవైపే రాసి, తిరుగు కవరు పెట్టి హైదరాబాదు పంపేవాడు. నెలన్నరకు తన చేతిరాతతో ఉన్న తన కవరు తనకే తిరిగి వచ్చేది. అడవిలో ఉన్న మనిషికి ఉత్తరం రావడమే సంతోషం కాబట్టి, మొదట్లో అదీ కొంచెం బాగానే ఉండేది. రాసినవాటిని ఖమ్మం తీసుకుపోతే విశ్రాంతమ్మ ఎర్ర పెన్నుతో ఒత్తులు, దీర్ఘాలు దిద్దేది. కథ గురించి ఏమీ అనేది కాదు. ఒక్కసారి మాత్రం, ఏమండీ, ఇందులో అందరూ మా హెడ్‌మాస్టర్లా మాట్లాడుతున్నారేంటి అని నవ్వింది.

అదే మాట ఇంకో తీరుగా చెప్పింది ముత్తక్క.

ముత్తక్క ఆసుపత్రి ఊడ్చే మనిషి. కోయగూడెం నుంచి పొద్దున్నే వచ్చేది. భర్త బొజ్జయ్యకు గుట్ట వాలులో పోడు చేను. ఆమె వయసు ఆమెకే తెలియదు, ఏసయ్యకంటే చిన్నదే కావచ్చు, అయినా అందరిలాగే అతనూ ముత్తక్క అనేవాడు. ఆమెకు డాక్టరైనా కలెక్టరైనా నువ్వే. ల్యాబు గదిని చివరికి ఊడ్చి, గుమ్మం మెట్టు మీద చీపురు పక్కన పెట్టుకుని కూర్చుని కాసేపు గాలి పోసుకునేది. ఒకరోజు ఏసయ్య తను రాసిన కథ ఆమెకు చదివి వినిపించాడు. అందులో బొజ్జయ్యలాంటి రైతు ఒకడు భార్యతో అడవి తమ తల్లి అని, తల్లిని వీడి మనుగడ లేదని అరపేజీ మాట్లాడతాడు.

ముత్తక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా బొజ్జయ్య గిట్ల మాట్లాడితె నేను ఆ ఇంట్ల ఉంటనా సారూ."

తర్వాత అడిగింది, ఆ పొద్దు వాళ్లు ఏం వండుకున్నరు అని. ఏసయ్యకు తెలియదు. కథకు అది అవసరం లేదన్నాడు. తిన్నది తెల్వకుండ మనిషి ఎట్ల తెలుస్తడు అని ఆమె లేచి చీపురు దులుపుకుంది.

ఆ రోజు నుంచి అతని రాత మెల్లగా మారింది. రైతు అరపేజీ మాటలు నాలుగు వరసలయ్యాయి, తర్వాత ఒక దగ్గు, ఒక "ఊఁ" అయ్యాయి. అడవిని తల్లి అనడం మానేసి, ఏ నెలలో ఏ చెట్టు కింద నడిస్తే కాలికి ఏం గుచ్చుకుంటుందో రాసుకున్నాడు. చదివినంతసేపూ ముత్తక్క తల ఎక్కడ పైకెత్తిందో, ఎక్కడ రోడ్డు వైపు చూసిందో గుర్తుపెట్టుకుని, రోడ్డు వైపు చూసిన చోటల్లా మర్నాడు కొట్టేసేవాడు. ఒక్క చివరి పేజీ మాత్రం ఎప్పుడూ మారలేదు. అక్కడ జ్వరం తగ్గేది, తప్పిపోయిన మేక తిరిగొచ్చేది, తాగే మొగుడు మానేసేవాడు.

రెండు వేల మూడు జులైలో వానలు విడవలేదు. ఆ వారం నూట నలభై స్లైడ్లు వచ్చాయి. అవతల పెద్ద ఆసుపత్రిలో మలేరియా మందులు సూదులతో ఎక్కిస్తున్నారని చెప్పుకునేవారు. ఏసయ్య మెడ వంగిపోయి కళ్లలో గుండ్రటి వెలుగు రెప్ప మూసినా కనిపించేది. ఆ శుక్రవారమే ఒక పత్రిక కథల పోటీకి కవరు పంపాల్సిన ఆఖరి రోజు. టపా మూడు గంటల బస్సులో పోతుంది. రెండున్నరకు చేతిలో ఉన్న స్లైడు ముత్తక్క కూతురు శ్యామలది. పదేళ్ల పిల్ల. రెండు రోజులుగా ఒళ్లు కాలుతోందని ముత్తక్కే పొద్దున తీసుకొచ్చి వేలు గుచ్చించింది. ఏసయ్య నలభై గళ్లు చూశాడు. ఏమీ కనిపించలేదు. రిజిస్టరులో మలేరియా లేదు అని రాసి, కవరు చంకలో పెట్టుకుని వానలో పోస్టాఫీసుకు పరుగెత్తాడు. బస్సు అందింది.

ఆదివారం పొద్దున శ్యామలకు స్పృహ తప్పింది. బొజ్జయ్య భుజాన వేసుకుని వచ్చాడు. జీపులో భద్రాచలం పంపారు. మెదడుకు ఎక్కిన మలేరియా అన్నారు. పదకొండు రోజుల తర్వాత పిల్ల నడుస్తూ తిరిగి వచ్చింది, ఒక చెవి అక్కడే పోగొట్టుకుని.

పిల్లను జీపెక్కించిన రోజునే ఏసయ్య ల్యాబులోకి పోయి తలుపు దగ్గరకు వేసి ఆ పాత స్లైడు వెతికాడు. చమురు చుక్క వేశాడు. ఈసారి ఒకటి నుంచి లెక్కపెట్టాడు. నలభై దాటింది. యాభై. అరవై. అరవై మూడో గడిలో, పాలపిట్ట ఈక రంగు నీలంలో, ఎర్రటి చుక్క పొదిగిన ఉంగరంలా మలేరియా క్రిమి ఒకటి నిశ్శబ్దంగా ఉంది. దాని పక్కనే ఇంకోటి. ఎంతో అందంగా ఉన్నాయి. ఇంకో పదిహేను నిమిషాలు కూర్చుని ఉంటే శుక్రవారమే చూసేవాడు, శుక్రవారమే అసలు మందు పడేది.

స్లైడ్లను కడిగి మళ్లీ వాడతారు. ఏసయ్య దాన్ని సబ్బునీళ్లలో వేశాడు. గాజు తేటగా బయటికొచ్చింది. ఆ సంగతి ఇక ప్రపంచంలో అతని ఒక్కడి లోపలే ఉంది.

ముత్తక్క పనిలోకి వచ్చాక అతను పిల్ల ఎట్లుందని అడిగాడు. "మంచిగైంది సారూ" అంది. అడవి ఊళ్లలో ఆసుపత్రి వాళ్లు అడిగితే అందరూ ఆ మాటే అంటారు. ఆ మాట అంటే రాసుకునేవాళ్లు రాసుకుని వెళ్లిపోతారని వాళ్లకు తెలుసు.

పోటీకి పోయిన కథ యథాప్రకారం తిరిగొచ్చింది. ఏసయ్య కొత్త కథ మొదలుపెట్టాడు. పేరు 'మొదటి గడి'. అందులో ఒక ల్యాబ్ టెక్నీషియన్ జ్వరంతో ఉన్న పిల్ల స్లైడు అద్దం కింద పెడతాడు. మొదటి గడిలోనే ఉంగరం కనిపిస్తుంది. వానలో పరుగెత్తుతాడు, పోస్టాఫీసుకు కాదు, గూడేనికి. పిల్ల బతుకుతుంది. చెవులు రెండూ వినిపిస్తాయి.

ఆ కథను నాలుగేళ్లలో తొమ్మిదిసార్లు రాశాడు. వానను బాగు చేశాడు. టెక్నీషియన్ చేతులు వణకడం చేర్చి, తీసేసి, మళ్లీ చేర్చాడు. పిల్ల తండ్రి ఏం వండుకు తిన్నాడో కూడా చేర్చాడు: గంజి, చింతచిగురు. మాటలు నిజం మాటల్లా అయ్యాయి. చెట్లు నిజం చెట్లయ్యాయి. కథ మాత్రం ఎక్కడో లోపల డొల్లగా, వేలితో తడితే చప్పుడొచ్చే కుండలా ఉండిపోయింది. ఎందుకో అతనికి తెలుసు. తెలిసీ వానను ఇంకోసారి బాగు చేసేవాడు.

ఇన్నేళ్లలోనూ ఆ కథను ముత్తక్కకు చదవలేదు. వేరేవి చదివేవాడు.

పోటీ పెట్టిన ఆ పత్రికలో వెంకటరామారావు అనే ఉపసంపాదకుడు ఉండేవారు. ఏసయ్య ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. తిరిగొచ్చిన కవరులో అచ్చు చీటీ బదులు కార్డు ముక్క మీద రెండు వాక్యాలు రాసే అలవాటు ఆయనది. మొదటిసారి, వాన బాగుంది అని రాశారు. ఇంకోసారి, మీ కథల్లో అందరికీ బాగవుతోంది, మీ ఊరు రావాలని ఉంది అని రాశారు. ఆ వెటకారానికి ఏసయ్య ఒంటరిగా నవ్వుకున్నాడు. రెండు వేల ఏడు చివర తొమ్మిదో ప్రతితో పాటు వచ్చిన కార్డులో నవ్వు లేదు.

"పిల్ల బాగైందన్నారు. బాగైన మరునాడు ఆ పిల్ల ఏం చేసింది? ఆ టెక్నీషియన్ ఏం చేశాడు? మీకు తెలిసే ఉంటుంది. తెలిసి ఎందుకు రాయడం లేదు?"

కార్డును బల్ల మీద నిలబెట్టి మళ్లీ చదివాడు. కిటికీ అవతల టేకాకులు ఒక్కొక్కటే ఊడి, నేల దాకా ఆలోచించుకుంటూ వస్తున్నాయి. ఎక్కడో హైదరాబాదులో, తన ముఖం తెలియని మనిషి, తను కడిగేసిన గాజులోంచి తనను చూసినట్టనిపించింది.

ఆ డిసెంబరులో ఖమ్మం పోయినప్పుడు చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. ఇప్పుడది సిమెంటు కప్పు, మైకులున్న పెద్ద చర్చి. బయట స్కూటర్లు, షేర్ ఆటోలు. విశ్రాంతమ్మ మోచేత్తో పొడిచి, ఇన్నేళ్లు అడవిలో ఉన్నా ఒక్కసారీ జ్వరం రాకుండా దేవుడు కాపాడాడు గదండీ, లేచి చెప్పొచ్చుగా అంది. పాస్టరు గారు అటూ ఇటూ చూస్తున్నారు. ఏసయ్యకు తల్లి పక్కన నిక్కరు పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు గుర్తొచ్చాడు. లేవలేదు. చివర మంచిగైంది అనలేని సాక్ష్యం చెప్పడానికి ఆ మైకు లేదు.

తిరిగి వచ్చాక అతను చేసిన పని చూడటం. శ్యామల అప్పటికి ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి. ఆ బడి హాస్టలు ఆసుపత్రి దారిలోనే. సాయంత్రం పిల్లలు వరసగా బోరింగు దగ్గరకు వచ్చేటప్పుడు ఏసయ్య గుమ్మంలో నిలబడేవాడు. శ్యామల ఎప్పుడూ వరస చివర, ఒక పక్కకు ఉండేది. ఎవరు పిలిచినా వెంటనే తిరిగేది కాదు, ముందు మిగతావాళ్ల ముఖాలు చూసి, ఆ ముఖాలు ఎటు తిరిగాయో అటు తిరిగేది. అందరూ నవ్వాక ఒక క్షణం ఆగి నవ్వేది. లారీ వస్తుంటే స్నేహితురాలు ఆమె జడ పట్టుకుని పక్కకు లాగేది, అలవాటుగా, మాట ఆపకుండా. ఏసయ్య ఇవన్నీ రాసుకున్నాడు. కుడి చెవి అని రాసుకున్నాడు.

కథ పదోసారి మొదలుపెట్టాడు. ఈసారి పేరు 'అరవై మూడో గడి'. నలభై గళ్లు, మూడు గంటల బస్సు, సబ్బునీళ్లు, అన్నీ రాశాడు. తేట వాక్యాలు వచ్చాయి. వాన ఒక్క ముక్కకు తగ్గిపోయింది: వాన పడుతోంది. ఇన్నాళ్లూ ఒక్కో పేజీకి వారం పట్టిన మనిషికి, ఆరు మధ్యాహ్నాల్లో కథ అయిపోయింది. చివరి పేజీలో పిల్ల ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతుంది. అక్కడ ఆపాడు.

కవరు మీద అడ్రసు కూడా రాశాడు. పోస్టు చేయలేకపోయాడు. హైదరాబాదు వాళ్లకు చెప్పి, పదడుగుల దూరంలో ఊడ్చే మనిషికి చెప్పకుండా ఉంటే అది మళ్లీ ఒకసారి బస్సు అందుకోవడమే.

ఇప్పపువ్వు రాలే రోజులు. ముత్తక్క తెల్లారకముందే చెట్ల కింద ఏరుకుని, గంప ఆసుపత్రి నీడన పెట్టి పనిలోకి వచ్చేది. ల్యాబంతా ఆ తీపి మత్తు వాసన. మధ్యాహ్నం ఆమె గంప పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాక ఏసయ్య కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, ఒక కథ ఉంది, ఇది మన శ్యామల కథ, చివరిదాకా విను ముత్తక్కా అన్నాడు. చదివాడు. ఎప్పటిలా ఆమె ఎక్కడ తల ఎత్తిందో, ఎక్కడ రోడ్డు వైపు చూసిందో గమనించే ధైర్యం లేకపోయింది. కాగితం మీంచి కళ్లు ఎత్తలేదు.

చదవడం అయిపోయింది. గంప మీద ఒక తేనెటీగ తిరుగుతోంది.

"నలభై కాడ ఎందుకాపినవ్?"

"మూడు గంటల బస్సు పోతదని."

"బస్సుల ఎవలు పోవాలె?"

"ఎవరూ కాదు. కవరు పోవాలి. పోటీకి కథ పంపాలి."

"ఏం కథ?"

ఆ మాట తను రాసిన దాంట్లో లేదు. అక్కడ కవరు అని మాత్రం రాసి వదిలేశాడు. ఇప్పుడు చెప్పాల్సి వచ్చింది.

"జ్వరం వచ్చిన పిల్ల కథ ముత్తక్కా. చివరికి మంచిగైతది."

ముత్తక్క తిట్టలేదు. ఏడవలేదు. తేనెటీగను చేత్తో అదిలించి, గంప మీద గుడ్డ సర్దింది. సర్దిన గుడ్డనే మళ్లీ సర్దింది. దారిన పోయేవాడికి దారి చెప్పినంత మామూలుగా అంది.

"చెవి ఎడమది సారూ. కుడిది గాదు."

ఏసయ్యకు అర్థం కాలేదు. రోజూ చూశాను కదా అన్నాడు.

"నువ్వు ఎదురుంగ నిలబడి చూసినవ్. నీ కుడి అది. దాని పక్కన నడిస్తె తెల్సు."

అతను కాగితాలు తిప్పి చూశాడు. ఎనిమిది చోట్ల కుడి అని రాసి ఉంది. ఇంత నిజం రాశాననుకున్న కథలో పిల్ల పోగొట్టుకున్న దాన్నే తప్పు రాశాడు. ఏళ్లుగా తిరగబడ్డ బొమ్మలు చూసిన కళ్లు ఎదుటి మనిషిని కూడా అట్లాగే చూశాయి.

దీన్ని పత్రికకు పంపనా వద్దా అని అడిగాడు. ముత్తక్క లేచి గంప ఎత్తుకుంది.

"నన్నడుగుతవేంది. జరమొచ్చింది నాకా? దాన్నడుగు."

మర్నాటి నుంచి ఆమె ల్యాబును చివర కాక మొదట ఊడ్చింది. ఏసయ్య వచ్చేసరికి నేల తడారిపోయి ఉండేది, మెట్టు ఖాళీగా ఉండేది. వసారాలో ఎదురైతే పనిమాటలు మాట్లాడేది. సారూ అనడం మానలేదు. అంతే. మధ్యాహ్నాలు అతను ఆ మెట్టు వైపు చూస్తూ కుడిని ఎడమగా దిద్దాడు. దిద్దుతుంటే ఒక్కో చోట వాక్యం మొత్తం మార్చాల్సి వచ్చింది, ఎందుకంటే ఎడమ చెవి వినపడని పిల్ల బెంచీ ఆ చివర కూర్చోదు, ఈ చివర కూర్చుంటుంది. కిటికీ ఆమెకు ఆ వైపు ఉండదు. స్నేహితురాలు ఈ జడ పట్టుకోదు. కథలోని గది మొత్తం మెల్లగా ఇటు నుంచి అటు తిరిగింది. అట్లా తిరిగాక అతను మొదటిసారి అందులో ఆ పిల్ల పక్కన నడిచాడు. ఆ కవరులో పోయింది ఏం కథో కూడా రాశాడు.

ఏప్రిల్ చివర, సెలవులకు ఇంటికొచ్చిన శ్యామల ఒక్కతే ల్యాబుకు వచ్చింది. పదిహేనేళ్ల పిల్ల, లంగా ఓణీ, చెప్పుల నిండా ఎర్రదుమ్ము. అమ్మ పంపింది, రెండు రోజుల నుంచి జ్వరం అని చెప్పింది. చెప్పేటప్పుడు అతనికి కుడి పక్కగా కాదు, ఎడమ పక్కగా వచ్చి నిలబడింది, తన కుడి చెవి అతని వైపు ఉండేట్టు. ఏసయ్య సూది తీసి వేలు గుచ్చాడు. చుక్క గాజు మీద పరిచి, ఆరాక రంగుల్లో ముంచాడు. మళ్లీ ఆరాలి. ఆ గ్యాపులో సొరుగు తెరిచి, కాగితాలు తీసి, ఆమె ముందు పెట్టాడు.

"ఇది నీ గురించి. చదువు. పత్రికకు పంపొద్దంటే పంపను."

శ్యామల కాగితాలు తీసుకుని గుమ్మం మెట్టు మీద, తల్లి కూర్చునే చోట కూర్చుంది. ఏసయ్య స్లైడు అద్దం కింద పెట్టాడు. ఒకటి. రెండు. వెలుగు గుండ్రంగా, ఖాళీగా, ఒక్కో గడీ ఒక్కో చిన్న చంద్రుడిలా వచ్చి పోతోంది. వెనక కాగితం తిరిగిన చప్పుడు వచ్చినప్పుడల్లా అతని వేళ్లు ఆగేవి. ఆగిన చోటి నుంచే మళ్లీ లెక్కపెట్టేవాడు. అరవై మూడు దగ్గర కాసేపు ఎక్కువ ఉన్నాడు. ఏమీ లేదు. తొంభై. వంద.

అతను తలెత్తేసరికి ఆమె బల్ల పక్కన నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. ముఖం జ్వరానికి ఎర్రబడింది, అంతకుమించి అందులో ఏముందో అతనికి తెలియలేదు.

"పంపు సారూ. పేరు మార్చకు. శ్యామల అనే ఉండనియ్."

కాగితాలు బల్ల మీద పెట్టింది. తర్వాత సూక్ష్మదర్శిని వైపు చూసింది.

"ఏముంది?"

"లేదు. మలేరియా లేదు."

"వంద చూసినవా?"

"చూసిన."

శ్యామల తల కొద్దిగా వంచి, వినిపించే చెవిని అతని వైపు తిప్పి, అతని పెదాల వంక కూడా చూసింది. రెండింటితోనూ పట్టుకుంటేనే ఆ మాట నమ్మాలన్నట్టు.

"మల్ల ఓసారి చూడు."

బయట మూడు గంటల బస్సు హారను కొట్టింది. పోస్టాఫీసు దగ్గర కాసేపు ఆగి, గేరు మార్చుకుని కదిలింది. శ్యామల స్టూలు లాక్కుని, అతనికి పక్కగా కూర్చుంది. ఏసయ్య చమురు చుక్క ఇంకోటి వేసి, కన్ను ఆనించి, గాజును మొదటికి జరిపి, ఈసారి ఆమెకు వినిపించేట్టు పైకి లెక్కపెట్టాడు.

"ఒకటి."